హ్యాండ్‌బ్రేక్: ఆరేళ్లు వాడాక, ముఖ్యంగా దాని లాగ్ గురించి

వీడియోల సైజు తగ్గించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను మొదట దాని యాక్టివిటీ లాగ్ గురించే, అంటే తను చేసిన ప్రతి పనినీ రాసిపెట్టే చిట్టా గురించే చెబుతాను. చాలామంది ఆ బటన్ జోలికి పోరు. మొదటి నాలుగేళ్లు నేనూ పోలేదు. ఇప్పుడు మాత్రం వీడియో తయారైందని కనిపించగానే ముందు తెరిచేది దాన్నే, వీడియోని తర్వాత.

నా అవసరం ఏమిటో చెప్పాలి. మా అక్క ఇక్కడ బెంగళూరులో, హొరమావులో కూచిపూడి నేర్పుతుంది. పిల్లల రంగప్రవేశాలు, వార్షికోత్సవాలు నేను ఫోన్‌తో తీసి, సైజు తగ్గించి, తల్లిదండ్రులకు పంపుతాను. వాళ్లలో సగం మందికి అమ్మమ్మలు, తాతయ్యలు తెనాలి, నెల్లూరు, అనంతపురం వైపు ఉంటారు. రాలేకపోయినవాళ్లు చూసేది ఆ వీడియోనే. నలభై నిమిషాల వీడియో ఫోన్‌లో ఐదు జీబీ దాకా వస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్ఎఫ్ (నాణ్యత అంకె) 22 పెడితే ఒకటిన్నర జీబీ లోపుకి దిగుతుంది. ఇదంతా వాడేవాళ్లకు తెలిసిందే, వదిలేస్తాను.

రెండేళ్ల కిందట మల్లేశ్వరంలో ఒక హాల్లో మా అక్క శిష్యురాలి రంగప్రవేశం జరిగింది. అమ్మాయికి పదమూడేళ్లు. చివరి అంశం తరంగం. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, జతికి తగ్గట్టు దాన్ని నేలకు తాకిస్తూ ఆడింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆదివారం రాత్రి వీడియో పంపాను. సోమవారం పొద్దున్నే వాళ్లమ్మ ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మా పాప తరంగంలో తాళం తప్పిందా?"

తెనాలిలో పాప తాతగారు మృదంగం వాయించేవారట. వీడియో చూసి, పాదం ముందు పడుతోంది, గజ్జె వెనక పలుకుతోంది అన్నారట. ఆయన తప్పుపట్టాలని అన్నమాట కాదు. కానీ పాప విన్నది. రాత్రి అన్నం తినలేదు.

అక్కకి చెబితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ రోజు నట్టువాంగం నేనే కదరా. తాళం నా చేతిలో ఉంది, తప్పలేదు. నీ వీడియోలోనే ఏదో ఉంది, చూడు."

చూశాను. మొదటి పది నిమిషాలు అంతా సరిగ్గానే ఉంది. సగం దాటాక అనుమానం వస్తుంది. తరంగం దగ్గర ఒక్కో ఫ్రేము (ఒక్కో బొమ్మ) చొప్పున ముందుకు జరిపి చూశాను. పళ్లెం అంచు నేలకు తగులుతుంది, మళ్లీ పైకి లేస్తుంది, ఆ తర్వాత చప్పుడు వస్తుంది. పక్కన కూర్చున్న అక్క చేతిలో తాళాలు ఒకదానికొకటి తగిలి విడిపోయాకే ఆ మోత వినిపిస్తోంది. బాణం గుర్తు నొక్కుతూ లెక్కపెడితే 27 ఫ్రేములు. దాదాపు ఒక సెకను. మాట్లాడే వీడియోలో అయితే చిరాకుగా ఉంటుందంతే. నాట్యంలో అది పిల్ల తప్పు కింద లెక్కకొస్తుంది.

నేను హ్యాండ్‌బ్రేక్‌నే అనుమానించాను. ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉండే సెట్టింగులు) మార్చి ఒకసారి, ఆడియోని ముట్టుకోకుండా పాస్‌త్రూ పెట్టి ఒకసారి, స్పీడ్ తగ్గించి ఇంకోసారి ఎన్‌కోడ్ చేశాను, అంటే వీడియోని మళ్లీ కొత్తగా తయారుచేశాను. నా పాత లాప్‌టాప్‌లో ఒక్కోసారికి గంటన్నర పడుతుంది. మూడుసార్లూ అదే తేడా. టైం కలిసొస్తుందని రేంజ్‌లో ఒక్క నిమిషం ముక్క పెట్టి పరీక్షించాను. ఆ ముక్కలో అంతా బాగానే ఉంది, దాంతో ఒక రోజు పోయింది. కొంచెం కొంచెంగా పేరుకునే తేడా ఒక్క నిమిషం ముక్కలో ఎలా కనిపిస్తుంది? ఇలాంటి సమస్యకి మొత్తం వీడియో పెట్టి చివర చూడాల్సిందే.

నాలుగో రోజు రాత్రి లాగ్ తెరిచాను. వందల వరుసలు. మొదట భయం వేస్తుంది. కానీ నిదానంగా చదివితే, ఏ ఫైలు ఇచ్చాం, అందులో తనకేం కనిపించింది, మనం ఏం అడిగాం, తను ఏం చేసింది అన్నీ వరసగా రాసి ఉంటాయి. ఫ్రేమ్‌రేట్ దగ్గర 'పీక్ రేట్ లిమిటెడ్ టు 30' అని ఉంది. అంటే సెకనుకు 30 ఫ్రేములకి మించదు, తగ్గితే తగ్గొచ్చు. అక్కడ ఆగిపోయాను. ఫోన్‌లో తీసిన అసలు ఫైలుని, ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో చూస్తే, ఫ్రేమ్‌రేట్ మోడ్ 'వేరియబుల్' అంది, అంటే మారుతూ ఉంటుంది.

కారణం వేదిక మీద లైట్లు. వెలుతురు చాలనప్పుడు చాలా ఫోన్లు ఒక్కో ఫ్రేముకి ఎక్కువ సేపు వెలుగు తీసుకుంటాయి, దాంతో సెకనుకి వచ్చే ఫ్రేములు తగ్గుతాయి. ఆ రోజు అంశం మారినప్పుడల్లా లైట్లు తగ్గించారు. అప్పుడప్పుడు ఐదారు ఫ్రేములు చొప్పున లోటు పడింది. దానివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే ప్రతి ఫ్రేము మీదా అది ఎప్పుడు కనిపించాలో టైం రాసి ఉంటుంది. వీఎల్‌సీ ప్లేయర్ ఆ టైం చూసే ఆడిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ కూడా ఆ టైంని పోగొట్టలేదు. దాని నుంచి వచ్చిన ఫైలుని నేరుగా వీఎల్‌సీలో వేసి చూస్తే పాదం, గజ్జె ఒకేసారి పడుతున్నాయి. నేనేమో ప్రతిసారీ ఆ ఫైలుని పేర్లు వేయడానికి ఇంకో ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవాణ్ని. అది టైం చూడకుండా సెకనుకి ముప్ఫై చొప్పున ఫ్రేములు పేర్చుకుంటూ పోయింది. బొమ్మ ముందుకు వెళ్లిపోయింది, శబ్దం వెనకబడింది.

మార్చాల్సింది ఒక్కటే. వీడియో ట్యాబ్‌లో పీక్ ఫ్రేమ్‌రేట్ బదులు కాన్‌స్టంట్ (ఎప్పుడూ ఒకే లెక్క) పెట్టాలి. పెట్టి మళ్లీ ఎన్‌కోడ్ చేశాను. లాగ్ చివర్లో ఎన్ని ఫ్రేములు తీసేసిందో, లోటు పూడ్చడానికి ఎన్నిటిని రెండోసారి వేసిందో రాస్తుంది. తీసేసినవి సున్నా, రెండోసారి వేసినవి 28. నేను వేలితో లెక్కపెట్టింది 27. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఏ వీడియో సాఫ్ట్‌వేర్ మీదా నాకు అంత నమ్మకం ఎప్పుడూ కుదరలేదు.

కొత్త వీడియో పంపిన రోజు సాయంత్రం తాతగారే అక్కకి ఫోన్ చేసి, "పిల్లకి తాళం గట్టిగా ఉందమ్మా" అన్నారు. పాప పక్కనే ఉండి వింది.

ఈ ప్రాజెక్టులో సమస్య చెప్పుకున్న ఎవరినైనా ముందు లాగ్ ఇవ్వమనే అడుగుతారు. ఒకప్పుడు అది నాకు ముఖం చాటేయడంలా అనిపించేది. ఇప్పుడు డాక్టరు రిపోర్టులు అడగడంలా అనిపిస్తోంది. వెర్షన్, ప్రాసెసర్, మనం పెట్టిన సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటే ఇక ఊహించాల్సిన పని ఉండదు. 2003లో ఎరిక్ పెటిట్ బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కి 1.0 వెర్షన్ వచ్చింది 2016 డిసెంబరు 24న. జీతం లేకుండా పనిచేసేవాళ్లు పదమూడేళ్లు తొందరపడలేదు. ఆ ఓపిక లాగ్‌లో కనిపిస్తుంది.

అయితే ఆ లాగ్ తనంతట తాను హెచ్చరించదు. నేను వాడే 'ఫాస్ట్ 1080పీ30' ప్రీసెట్‌లో మొదటి నుంచీ ఉండేది పీక్ ఫ్రేమ్‌రేటే. చూడటానికి మాత్రమే అయితే అది సరైనదే. ఎడిటింగ్‌కి పెట్టేవాళ్లకి మాత్రం పైకి కనిపించేలా ఒక మాట ఉంటే బాగుండేది. ఆటో క్రాప్ (అంచుల్ని తనంతట తనే కత్తిరించడం) సంగతీ అంతే. పోయిన ఏడాది వెనక నల్ల తెర కట్టిన వేదిక ఒకటి తగిలింది. మచ్చుకి తీసుకున్న పది ఫ్రేముల్లోనూ అంచులు నల్లగా ఉండటంతో, అవి ఖాళీ పట్టీలనుకుని రెండు పక్కలా కత్తిరించేసింది. పిల్ల మూలకి వెళ్లి చెయ్యి చాచినప్పుడు మణికట్టు దగ్గరే బొమ్మ ఆగిపోయింది. లాగ్‌లో ఆటోక్రాప్ పక్కన నాలుగు అంకెలు స్పష్టంగానే ఉన్నాయి, నేను చూసుకోలేదు. అప్పటి నుంచి క్రాపింగ్‌ని 'నన్'లో పెట్టేస్తున్నాను.

ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే క్విక్ సింక్ ఎన్‌కోడర్ వేగం గురించి మిత్రులకి చాలా చెప్పాను. గంటన్నర పని పావుగంటలో అయిపోతుంది, నిజమే. రిహార్సల్ వీడియోలకి ఇప్పటికీ అదే వాడతాను. కానీ పట్టు దుస్తుల ముందు కుచ్చులు విసనకర్రలా విప్పుకునే చోట, గిర్రున తిరిగే చోట, అదే సైజులో, నిదానంగా పనిచేసే ఎక్స్264 ఎన్‌కోడర్ ఇచ్చినంత శుభ్రంగా జరీ కనిపించడం లేదు. తల్లిదండ్రులకి పంపేది రాత్రంతా పట్టినా ఎక్స్264తోనే చేస్తున్నాను.

ఊరికే ముందూ వెనకా కత్తిరించుకోవాలంటే దీని జోలికి రావద్దు. ఇది ఏ వీడియోనైనా మొత్తం కొత్తగా ఎన్‌కోడ్ చేస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాపీ పద్ధతి (మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా) అయితే సెకన్లలో పని. మధ్యలో కరెంటు పోయి లాప్‌టాప్ ఆగిపోయినా ఇబ్బందే. క్యూ (చేయాల్సిన వీడియోల వరస) తిరిగి దొరుకుతుంది గానీ సగంలో ఆగిన ఎంపీ4 తెరుచుకోదు. వానాకాలంలో మా వీధిలో ఇది నాకు రెండుసార్లు అయింది.

కొనాలా వద్దా అనే ప్రశ్నే లేదు, ఇది ఉచితం. పెట్టాల్సింది టైం. నాది పాత ఐ5 లాప్‌టాప్, ఒకే ఫోన్‌తో తీసిన వీడియోలు, రాత్రంతా ఆగే వీలుంది. నాకు ఇంతకన్నా అక్కర్లేదు. నాలుగు కెమెరాలతో పెళ్లిళ్లు తీసి మర్నాటికల్లా ఇవ్వాల్సినవాళ్లకి ఇదొక్కటే చాలుతుందని మాత్రం చెప్పలేను.

ఇప్పుడు పంపేముందు లాగ్‌లో మూడుచోట్ల చూస్తాను. క్రాప్ అంకెలు నాలుగూ సున్నాలేనా, ఫ్రేమ్‌రేట్ దగ్గర 'కాన్‌స్టంట్' అని ఉందా, చివర 'వర్క్ రిజల్ట్' సున్నాయేనా (అంటే పని తప్పు లేకుండా ముగిసిందా). తర్వాత వీడియోలో తరంగం దాకా వెళ్లి, పళ్లెం నేలకు తాకే చోట ఒక్కో ఫ్రేము జరిపి వింటాను.