మా మిద్దె మీద గుమ్మడి, ఆ నర్సరీ విత్తనాలు

సైనిక్‌పురి వైపున్న ఒక నర్సరీలో జూన్‌లో గుమ్మడి, సొర విత్తనాలు, రెండు గ్రో బ్యాగులు, రెండు బస్తాల మట్టి కొన్నాను. అన్నీ కలిపి 1,400 రూపాయలు. మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. మిద్దె మీద ఒక మూల వాడుకోమన్నారు, కింద ఫ్లాట్‌లోకి నీళ్లు దిగితే నాదే పూచీ అన్న షరతుతో.

విత్తనాలకు వంక పెట్టలేను. ప్యాకెట్ మీద మొలక శాతం కనీసం 60 అని ఉంది. నేను నానబెట్టిన పది గుమ్మడి గింజల్లో ఎనిమిది మొలిచాయి. రాత్రంతా నీళ్లలో ఉంచి, తడిగుడ్డలో మూటకట్టి, బియ్యం డబ్బా పక్కన పెట్టాను. మూడో రోజుకు తెల్లటి ముక్కు బయటికొచ్చింది. రెండు మొక్కలు ఉంచుకుని మిగతావి పంచేశాను. ఎనిమిదీ పెట్టుకుంటే వాటర్ ట్యాంకు కూడా కనబడేది కాదు.

మట్టి మాత్రం అక్కడ కొనకండి. పైన కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్ట్ చూసి మోసపోయాను. బస్తా కుమ్మరిస్తే అడుగున కంకర, ఒక టైల్ ముక్క! పిండి జల్లెడ ఆ రోజుతో పాడైపోయింది.

ఆగస్టులో మొదలైంది టెన్షన్. ముందు రెండు వారాలు అన్నీ మగ పూలే. తర్వాత ఆడ పూలొచ్చాయి, ఒక్కోదాని కింద గోలీ అంత పిందె. పువ్వు వాడిన మూడు రోజులకే పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయేది. అలా ఐదు పోయాక నర్సరీకి పరిగెత్తాను. ఫోటో చూపిస్తున్నా చూడకుండానే అక్కడి కుర్రాడు, "పూత నిలుస్తలేదంటే బలం చాలట్లే మేడమ్" అని 380 రూపాయల సీసా చేతిలో పెట్టాడు. రెండుసార్లు కొట్టాను. ఇంకో మూడు రాలాయి.

అమ్మకు ఫోన్ చేస్తే ఒకటే అడిగింది: "తేనెటీగలు వస్తున్నాయటే అక్కడికి?" మర్నాడు ఆరింటికి కాఫీ గ్లాసుతో తీగ దగ్గర కూర్చున్నాను. చీమల బారు తప్ప ఏదీ రాలేదు. మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు చేర్చేవాళ్లు లేకే పిందెలు రాలుతున్నాయన్నమాట, ఆ పని నేనే చేయాలి. మగ పువ్వు తుంచి, రెక్కలు ఒలిచేసి, లోపలి కాడను ఆడ పువ్వు మధ్యలో నాలుగు వైపులా రాశాను. వేలికి పుప్పొడి అంటి పసుపు కలిపినట్టయింది. ఎండ ముదిరితే పువ్వు ముడుచుకుపోతుంది, అందుకే ఆ రోజుల్లో మా ఇంట్లో టిఫిన్ ఆలస్యం. సొరతో ఆ బాధ లేదు. దాని తెల్ల పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆఫీసు నుంచి వచ్చాక రాయొచ్చు.

పిందె నిలబడింది. మధ్యలో ఎర్ర పెంకు పురుగులు ఆకులను జల్లెడ చేశాయి. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర బొగ్గుల బూడిద అడిగి తెచ్చి, పొద్దున్నే మంచు తడి ఆరకముందు చల్లాను. చాలావరకు తగ్గాయి. తొడిమ ఎండి, గోరు దిగనంతగా తొక్క గట్టిపడ్డాక రెండు కాయలు కోశాను. పెద్దది 3 కిలోల 200 గ్రాములు తూగింది. బెల్లం వేసి పులుసు పెట్టి, రెండు ఫ్లాట్లకు గిన్నెలు పంపాను. నీళ్లు దిగుతాయని షరతు పెట్టినాయన గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది, ఇంకొంచెం ఉందా అన్న కబురుతో.

కుర్రాడికి ఈ సంగతి చెప్తే "అవునా మేడమ్" అని నవ్వాడు. సీసా వాపసు తీసుకోలేదు, సగం ఇంకా మా సింకు కిందే ఉంది. అయినా అక్టోబరులో ఇంకో ప్యాకెట్ అక్కడే కొన్నాను. మగ పూలు ఎన్ని పూసినా ఈసారి బాధ లేదు, సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టుకుంటాం.