కన్‌స్ట్రక్టర్ వదిలి ఫ్యాక్టరీ మెథడ్‌కి మారాక రెండేళ్లు

సీ ప్లస్ ప్లస్‌లో కన్‌స్ట్రక్టర్‌ని (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే ఫంక్షన్‌ని) బయటివాళ్లు పిలవకుండా ప్రైవేట్ చేసి, బయటికి స్టాటిక్ ‘క్రియేట్’ ఫంక్షన్, అంటే ఫ్యాక్టరీ మెథడ్, ఒక్కటే ఇవ్వడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఈ పద్ధతంటే నాకు ప్రాణం. ఆబ్జెక్ట్ చేతికొచ్చిందంటే అది పనిచేసే ఆబ్జెక్టే, ఇక అనుమానం అక్కర్లేదు.

అంతకుముందు మా కనెక్షన్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లోనే సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కి మనవైపు కొస) తెరిచి సర్వర్‌కి కనెక్ట్ అయ్యేది. కుదరకపోతే ఎక్సెప్షన్, అంటే పని మధ్యలో ఆపి తప్పు జరిగిందని చెప్పడం. సాకెట్ మూసే పని, ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్‌ది. రివ్యూలో ఎవరికీ తప్పు కనపడలేదు. ఒకరోజు సాయంత్రం ఆరింటికి అవతలి సర్వర్ ఆగిపోయింది. మా కోడ్ 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. రాత్రి రెండున్నర ప్రాంతంలో మా సర్వీసే పడిపోయింది. లాగ్‌లో చివరి లైను ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’.

కన్‌స్ట్రక్టర్ మధ్యలో ఎక్సెప్షన్ విసిరితే ఆ ఆబ్జెక్ట్ పుట్టనట్టే లెక్క. పుట్టనిదానికి డిస్ట్రక్టర్ నడవదు. అలా ప్రయత్నానికో సాకెట్ తెరుచుకుని ఎవరూ మూయకుండా ఉండిపోయింది. లినక్స్‌లో సాకెట్ కూడా తెరిచిన ఫైల్ కిందే లెక్క, ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లకి మామూలుగా ఉండే పరిమితి 1024. దాన్ని 30 సెకన్లతో గుణిస్తే సుమారు ఎనిమిదిన్నర గంటలు. ఆ లెక్క సరిపోయేసరికి ఒళ్లు చల్లబడింది.

ఇప్పుడు కనెక్ట్ అయ్యే పనంతా క్రియేట్‌లో జరుగుతుంది. అంతా కుదిరాకే ఆబ్జెక్ట్ తయారవుతుంది, లేకపోతే ఎర్రర్ తిరిగొస్తుంది. రిటర్న్ టైప్ చూస్తేనే ఇది ఫెయిల్ కావచ్చని తెలుస్తుంది. ఫంక్షన్‌కి ‘నోడిస్కార్డ్’ అనే గుర్తు పెట్టాం కాబట్టి, ఫలితాన్ని పట్టించుకోకపోతే కంపైలరే హెచ్చరిస్తుంది. ప్రతి మెథడ్ మొదట్లో ‘కనెక్షన్ ఉందా’ అని అడిగే ఇఫ్‌లన్నీ పోయాయి.

అయితే ఆ లీక్‌ని నిజంగా ఆపింది ఫ్యాక్టరీ కాదు, సాకెట్ నంబర్‌ని పట్టుకుని తనే మూసే చిన్న క్లాస్. అది మెంబర్‌గా ఉండి ఉంటే, అప్పటికే పూర్తిగా తయారైన మెంబర్‌కి డిస్ట్రక్టర్ నడుస్తుంది కాబట్టి, పాత కన్‌స్ట్రక్టర్‌తోనూ ఆ రాత్రి గడిచిపోయేది. ఎర్రర్ దారి కళ్లముందుకు రావడం మాత్రం ఫ్యాక్టరీ చలవే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆబ్జెక్ట్‌ని తయారుచేసి ఇచ్చే లైబ్రరీ ఫంక్షన్ ‘మేక్ యూనిక్’ ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్‌ని పిలవలేకపోతుంది. దాన్నుంచి పుట్టే డిరైవ్డ్ క్లాస్ కావాలంటే, ఆ క్లాస్‌కి అందేలా కన్‌స్ట్రక్టర్‌ని ప్రొటెక్టెడ్ చేయక తప్పదు. మా కంపైలర్ ఇంకా సీ ప్లస్ ప్లస్ 17 స్టాండర్డ్ దగ్గరే ఉంది. ఫలితమో ఎర్రరో ఏదో ఒకటి పట్టుకునే ‘ఎక్స్‌పెక్టెడ్’ టైప్ వచ్చింది సీ ప్లస్ ప్లస్ 23లో. అందుకే రిజల్ట్ టైప్ సొంతంగా రాసుకున్నాం, దాని నిర్వహణ భారం మాదే.

నేను రాసేది ఎక్కువగా నెట్‌వర్క్ కోడ్, అక్కడ ఇది లేకుండా ఇక రాయను. రెండు అంకెలు దాచుకునే పాయింట్ క్లాస్‌కి మాత్రం ఇప్పటికీ మామూలు కన్‌స్ట్రక్టరే రాస్తున్నాను.