రాసేముందు అడిగేవారు: విజయనగరంలోని ఒక వెబ్ రచనా సేవపై సమీక్ష

శ్రీకాకుళంలో మేము నడుపుతున్న చేనేత వస్త్రాల దుకాణం ఆన్‌లైన్ అమ్మకాలకు దిగినప్పుడు, ప్రతి వస్త్రానికీ తెలుగులో వివరణ, దానితో పాటు పొందూరు ఖద్దరు గురించి కొన్ని వ్యాసాలు అవసరమయ్యాయి. ఆ పనిని విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో, ఒక మేడ మీద, బోర్డు సైతం లేకుండా నడిచే చిన్న రచనా బృందానికి అప్పగించాము. ధర ఎక్కువ, నడక నిదానం. అయినప్పటికీ మొదటి వ్యాసం ఎంత శ్రద్ధగా వచ్చిందో చివరి వ్యాసమూ అంతే శ్రద్ధగా వచ్చింది గనుక, మా అంచనాలో ఈ సేవకు మంచి మార్కులే పడతాయి.

పని ఒప్పుకున్న వెంటనే వారు రాయడం మొదలుపెట్టరు. ముందుగా ఒక సమాచార పట్టిక తయారు చేస్తారు. నూలు ఎన్నో కౌంటు (పోగు ఎంత సన్నమో చెప్పే కొలత), వడికినది చేతితోనా యంత్రంతోనా, పన్నా ఎంత, మొదటి ఉతుకులో ఎంత కుదించుకుంటుంది, ఈ బట్టను ఎక్కువగా కొనేది ఎవరు, వారు కొనేముందు ఫోన్ చేసి ఏమి అడుగుతారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ప్రతి వాక్యం పక్కన ‘ఎవరు చెప్పారు, ఎవరు చూశారు’ అనే గడి ఉంటుంది; ఆ గడి ఖాళీగా ఉన్న సంగతి ఎంత ఆకర్షణీయమైనదైనా వ్యాసంలోకి రాదు. మేము ఎన్నో ఏళ్లుగా కొనుగోలుదారులకు చెప్పుకుంటూ వచ్చిన రెండు మూడు గొప్పలు ఈ గడి దగ్గరే ఆగిపోయాయి. అది మాకు కొంచెం కష్టంగానే తోచింది.

ఈ పద్ధతి ఎంత పకడ్బందీగా పనిచేస్తుందో వాలుగ చేప విషయంలో చూశాము. చిత్తుప్రతిలో రచయిత ‘చేప ముల్లుతో నూలును నునుపు చేస్తారు’ అని రాశారు. వారి పద్ధతి ప్రకారం చిత్తుప్రతిని, రచనలో ఏ పాత్రా లేని మరొకరు పట్టికను ముందు పెట్టుకుని చదవాలి. ఆమె ఆ వాక్యం కింద గీత గీసి, ఏ దశలో, ఏ ఎముకతో అని ప్రశ్న రాశారు. రచయిత పొందూరు వెళ్లి, నూలు వడికే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని, పని మొత్తం చూసి వచ్చారు. గింజ తీయక ముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని, ఆ ఎముకకున్న సన్నని పళ్ల వరుస చెత్తను తీసివేసి పోగులను ఒక దిక్కుకు తెస్తుందని, ఆ తరువాతనే గింజ తీయడం, ఏకడం (దూదిని విదిల్చి మెత్తగా చేయడం), ఏకులు (వడకడానికి వీలైన సన్నని దూది చుట్టలు) చేయడం, వడకడం ఉంటాయని వ్యాసంలో వరుసగా వచ్చింది. ఏకులు పాడుకాకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకునే సంగతి కూడా ఆ ప్రయాణంలోనే దొరికింది. మా పేజీల్లో కొనుగోలుదారులు ప్రత్యేకంగా ప్రస్తావించేది ఈ భాగాన్నే.

కాలంతో మారే సంగతులకు వారి దగ్గర వేరే జాబితా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాత పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. అయినా పాత వ్యాసాలను చూసి రాసేవారు ఇప్పటికీ రెండింటినీ శ్రీకాకుళంలోనే ఉంచుతున్నారు. ఊరి పేరు వచ్చిన ప్రతిచోటా వీరు జిల్లాను సరిచూస్తారు. గూగుల్ 2022 డిసెంబరులో తన వెతుకులాట ఫలితాల నాణ్యతా మార్గదర్శకాల్లో ‘స్వానుభవం’ అనే కొలమానాన్ని చేర్చిందని, 2024 మార్చిలో పాఠకులకు ఉపయోగపడని పేజీలను గుట్టలుగా తయారుచేయడాన్ని స్పామ్‌గా ప్రకటించిందని బృందం పెద్ద మాకు వివరించారు. నెలకు వంద వ్యాసాలు ఇస్తామని చవగ్గా ముందుకొచ్చిన మరొకరిని మేము వద్దనుకోవడానికి ఈ మాట కూడా ఒక కారణం.

ఇక అక్షరాల సంగతి. మా పాత కరపత్రాలన్నీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైపు చేసినవి కావడంతో, వాటిని వెబ్ పేజీల్లో వాడే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చినప్పుడు వత్తులు చోటు తప్పి, కొన్ని చోట్ల ‘క్ష’ విడిపోయి వచ్చింది. ఒకరు అచ్చు ప్రతిని పైకి చదువుతూ ఉండగా మరొకరు తెర మీద సరిచేశారు. అచ్చుతప్పులు లేని తెలుగు ఆన్‌లైన్‌లో ఎంత అరుదో తెలిసినవారికి ఈ ఓపిక విలువ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

లోపాలు లేకపోలేదు. ప్రశ్నలన్నీ చివరకు మా దగ్గరికే వస్తాయి. సంక్రాంతి ముందు, పెళ్లిళ్ల రోజుల్లో దుకాణం కిటకిటలాడుతున్నప్పుడు నూలు కౌంటు గురించి ఫోన్ వస్తే జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు, జవాబు వచ్చేదాకా వారు ఒక్క వాక్యమూ ముందుకు కదపరు. భాష విషయంలో మరీ గ్రాంథికపు మర్యాద పాటిస్తారు. పొందూరు పెద్దావిడ సిక్కోలు యాసలో చెప్పిన చక్కని మాటలను పుస్తకాల భాషలోకి మార్చేస్తే, ఆ మాటలను ఆమె నోటి నుంచి వచ్చినట్టే ఉంచమని మేము పట్టుబట్టవలసి వచ్చింది. ఉంచారు, కానీ మనస్ఫూర్తిగా కాదు. ఫొటోలు మాత్రం వారి చేత తీయించుకోకపోవడమే మేలు. తెల్ల ఖద్దరు వారి కెమెరాలో నీలంగా కనిపించింది.

అన్నిటికన్నా పెద్ద లోటు, పేజీ అప్పగించిన తరువాత దాని బాధ్యత మనదే అవుతుంది. జిల్లా పేరును అంత పట్టుదలగా సరిచూసేవారు, ధరలూ సరుకు నిల్వలూ మారినప్పుడు తిరిగి చూడడానికి వేరే రుసుము అడుగుతారు. పనిని వారికి ఇవ్వాలనుకునే వ్యాపారులు ఆరు నెలలకొకసారి పునఃపరిశీలన చేయాలన్న షరతును మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి, పట్టిక ప్రతిని కూడా అడిగి తీసుకోవాలి. అడిగితే ఇస్తారు.