సింకు జామైతే ఏది మేలు: పౌడరా, ప్లంజరా, స్ప్రింగా, ప్లంబరా?

సింకులో నీళ్లు నిలవగానే చాలామంది చెయ్యి పౌడరు ప్యాకెట్ మీదికి పోతుంది. నిజానికి అది ఆఖరున వాడాల్సింది. అడ్డం ఎక్కడ పడిందో తేలకుండా ఏది పోసినా దండగే. ఒక్క సింకే ఆగిందంటే అడ్డం చాలావరకు దాని కిందే ఉంటుంది. బాత్‌రూంలో బకెట్ నీళ్లు గుమ్మరిస్తే పక్క గది నహానీ ట్రాప్‌లో (నేలమీది నీళ్లు పోయే జాలీ కన్నంలో) గుడగుడమంటోందా? పైవాళ్లు ఫ్లష్ చేస్తే మీ ఇంట్లోకి నీళ్లు తన్నుకొస్తున్నాయా? అయితే అడ్డం మెయిన్ లైనులో, అంటే మురుగంతా కలిసి పోయే పెద్ద పైపులో. బయట ఛాంబరు (ఇంటి మురుగు పైపు వచ్చి కలిసే గుంట) మూత ఎత్తి చూడండి. ఖాళీగా ఉంటే అడ్డం ఇంటికీ ఛాంబరుకీ మధ్య, అంచుదాకా నిండితే దాని అవతల.

వంటింటి సింకుకి మొదట చేయాల్సింది బాటిల్ ట్రాప్, అంటే సింకు కింద సీసాలా వేలాడే భాగం, విప్పడం. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. కింద బకెట్ పెట్టి, అడుగున ఉన్న కప్పును చేత్తోనే ఎడమకు తిప్పాలి. పానా వేసి బిగపడితే ప్లాస్టిక్ మర పగులుతుంది. లోపల కనబడేది దాదాపు ఎప్పుడూ ఒకటే: నెయ్యి, వనస్పతి జిడ్డు గడ్డకట్టి, దానికి టీ పొడి, మెతుకులు, దోసెల పిండి పట్టి నల్లటి ముద్దయి ఉంటుంది. కడిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. తర్వాత నీళ్లు వదిలి, జాయింటు చుట్టూ పొడి కాగితం అద్దండి. కారుతుంటే కాగితమే చెబుతుంది.

ట్రాప్ శుభ్రంగానే ఉంటే అడ్డం పైపులో ఉంది. అప్పుడు ప్లంజర్, అంటే కర్రకు రబ్బరు గిన్నె ఉండే పంపు. సింకులో రెండు మూడు అంగుళాల నీళ్లు ఉంచి, ఓవర్‌ఫ్లో కన్నం (నిండిన నీళ్లు పోవడానికి సింకు పైఅంచు దగ్గరుండేది) ఉంటే తడిగుడ్డతో మూసి, పదిహేను ఇరవై సార్లు గట్టిగా కొట్టాలి. ఆ కన్నం మూయకపోతే గాలంతా అటే పోతుంది. ప్లంజర్ పని చేయట్లేదనేవాళ్లలో చాలామంది మరిచేది ఇదే.

దానికీ లొంగకపోతే స్ప్రింగు, అంటే పైపులోకి తోసే పొడవాటి చుట్టల తీగ. ఇది బాటిల్ ట్రాప్‌లోంచి దూరదు, ట్రాప్ తీసేసి గోడలోని పైపులోకి తోయాలి. తగిలిన చోట ఒకవైపే తిప్పుతూ నెట్టాలి, తిప్పుతూనే వెనక్కి లాగాలి. నహానీ ట్రాప్‌లో జుట్టు చిక్కుకుంటే ఇదే మేలు. బోరునీళ్ల ఇళ్లలో సబ్బు తెట్టెకట్టి జుట్టును పట్టేస్తుంది, ఏ పౌడరూ దాన్ని పూర్తిగా వదిలించదు. కమోడ్‌లో మాత్రం ఉత్త స్ప్రింగు వద్దు, పింగాణీ మీద గీతలు పడతాయి.

ఇక పౌడరు. అందులో ఉండేది ముఖ్యంగా కాస్టిక్ సోడా. సన్నగా పట్టిన జిడ్డుకి పనికొస్తుంది. నిలిచిన నీళ్లలో పోస్తే పలచనై అడ్డందాకా చేరదు. నీళ్లు తగలగానే బాగా వేడెక్కుతుంది, పీవీసీ జాయింట్లకు అది మంచిది కాదు. సలసల మరిగే నీళ్లదీ అదే సంగతి, గోరువెచ్చనివి చాలు. పౌడరు పోసిన సింకులో ప్లంజర్ కొట్టకండి, కళ్లలో పడుతుంది. ప్లంబరును పిలిస్తే పౌడరు వేసిన సంగతి ముందే చెప్పండి. పౌడరు మీద యాసిడ్ పోయకండి, బ్లీచింగ్‌తో యాసిడ్ అసలే కలపకండి. రెండోదాన్నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. వంటసోడా, వెనిగర్ జంట నురగ తప్ప మరేం కాదు.

మురుగు వెనక్కి తన్నుతుంటే ఇవేవీ వద్దు. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌తో పైట్యాంకు వాల్వు కట్టించి, పై అంతస్తులవాళ్లకు చెప్పించండి. పైనుంచి నీళ్లు ఆగనిదే కింద ఫ్లాటులో మురుగు ఆగదు. వాషింగ్ మెషీన్ ఆపండి. ఛాంబరు ఖాళీగా ఉంటే ప్లంబరుకి, నిండి ఉంటే హైదరాబాద్‌లో జలమండలి 155313కి, మిగతా ఊళ్లలో మున్సిపాలిటీకి ఫోన్ చేయండి. వీధి లైనుకి కావాల్సింది జెట్టింగ్ మెషీను, అంటే నీళ్లను జోరుగా చిమ్మి అడ్డం తీసే యంత్రం.

అదనంగా డబ్బిస్తే దిగుతానని ఎవరైనా అన్నా ఛాంబరులోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించకండి. లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా దించడం, మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం కింద నేరం.