కాలనీ కమిటీకి ఏ క్లోరిన్ కిట్ కొనాలి?

కుళాయి నీటిలో క్లోరిన్ చూసే చవక కిట్లు ప్రధానంగా రెండు రకాలు. చుక్కల మందుతో పసుపు రంగు వచ్చేది ఓటీఓ, బిళ్లతో గులాబీ రంగు వచ్చేది డీపీడీ. కమిటీకైతే డీపీడీయే తీసుకోండి. ఓటీఓ మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది, క్రిములను గట్టిగా చంపే ఫ్రీ క్లోరిన్ ఎంతో విడిగా తేల్చదు. ఆ మందు క్యాన్సర్ కారకమన్న అనుమానమూ ఉంది.

వాడకం తేలికే, కానీ తొందరపడితే తప్పుతుంది. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు దాటి వచ్చిన నీళ్లు వద్దు. మెయిన్ లైన్ నుంచి నేరుగా వచ్చే కుళాయి కావాలి. రెండు మూడు నిమిషాలు నీళ్లు పారనిచ్చి, గాజు గొట్టాన్ని అదే నీటితో కడిగి, 10 మిల్లీలీటర్ల గీత దాకా పట్టండి. ఒకటో నంబరు బిళ్లను వేలు తగలకుండా వేసి, పుల్లతో నలిపి, నిమిషంలోపే పగటి వెలుతురులో కిట్‌లోని రంగుల పట్టీతో పోల్చండి. ఆలస్యమైతే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ కూడా రంగు తెచ్చి, అంకె పెరుగుతుంది. అదే నీటిలో మూడో నంబరు బిళ్ల వేసి రెండు నిమిషాలు ఆగితే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. కొన్ని నగరాల్లో కావాలనే క్లోరమీన్, అంటే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్, వాడతారు. అక్కడ ఫ్రీ క్లోరిన్ దాదాపు సున్నా రావడం మామూలే కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

లోపాలున్నాయి. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు మెరిసి మాయమై, సున్నాలా కనిపిస్తుంది. నీటిలో మాంగనీసు ఉంటే లేని క్లోరిన్ ఉన్నట్టు చూపిస్తుంది. క్రిములు ఉన్నాయో లేవో ఈ కిట్ చెప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం నీరు ఇంటికి చేరేచోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ ఉండాలి. ఎండలు ముదిరే కొద్దీ అది నిలవడం కష్టమవుతోంది, ఎందుకంటే వేడి నీటిలో క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. కుండపోత వాన తర్వాత నీటితో వచ్చే సేంద్రియ మలినాలు దాన్ని ఖర్చు చేసేస్తాయి. నీటి కొరతతో సరఫరా ఆపి ఆపి ఇస్తే, ఖాళీ గొట్టాల్లోకి పగుళ్ల గుండా మురుగు చేరుతుంది. అందుకే అలాంటి చోట నీళ్లు వదలగానే ఒకసారి, పావుగంట తర్వాత మరోసారి చూడాలి.

ఈ కిట్ అసలు విలువ వరస లెక్కల్లో ఉంది. ఒక్క ఇంట్లో వచ్చిన సున్నాను అధికారులు సులువుగా కొట్టిపారేస్తారు. అదే లైను మొదటి కుళాయి నుంచి చివరిదాకా ఒకే పూట చూసి, తేదీ, వేళ, చోటు రాసుకుంటే, క్లోరిన్ ఏ రెండు కుళాయిల మధ్య హఠాత్తుగా పడిపోయిందో బయటపడుతుంది. తవ్వి చూడాల్సిన చోటు అక్కడే. ఎంతకంటే తగ్గితే ఎన్ని గంటల్లో సిబ్బంది రావాలో నీటి సంస్థతో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి. మొదట్లో వాళ్ల మీటరు పక్కనే మీ కిట్‌తో కలిసి పరీక్ష చేయిస్తే, తర్వాత మీ అంకెలపై వాదన తగ్గుతుంది.

కొనేటప్పుడు రేకు పొరలో విడివిడిగా ఉన్న బిళ్లలే చూసుకోండి. సీసాలో పొడి చెమ్మకు పాడవుతుంది.