పస్కా రాత్రి చిన్నపిల్లలతో: పూర్తి సేదెరా, కుదించినదా?

ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను తలచుకునే పండగ పస్కా. ఆ రాత్రి యూదుల ఇళ్ళలో భోజన క్రమం, అంటే సేదెర్, 15 అంచెలు. చీకటి పడ్డాకే మొదలు. న్యూయార్క్‌లో ఏప్రిల్‌లో అప్పటికే దాదాపు ఎనిమిది.

సమయం: పూర్తిది మూడు, నాలుగు గంటలు. కుదించినది 40 నిమిషాలు, ఆపై భోజనం.

శ్రమ: పూర్తిదానికి పిల్లల్ని మధ్యాహ్నం నిద్రపుచ్చాలి. కుదించినదానికి ఏ భాగాలు తగ్గించాలో ముందే గుర్తు పెట్టుకోవాలి. పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే పిల్లలు బల్ల కిందికి చేరతారు.

ఇబ్బంది: పూర్తిదాంట్లో గొడవంతా ఆకలితోనే. ఉప్పునీళ్ళలో కూరగాయ ముంచి తినే మూడో అంచెకూ భోజనానికీ మధ్య ఐగుప్తు నుంచి బయటపడ్డ నిర్గమ కథ సుదీర్ఘంగా సాగుతుంది. అందుకే ఆ అంచెలోనే ఉడికించిన బంగాళాదుంప ముక్కలు పిల్లలకు చాలినన్ని పెట్టండి. కుదించినదాంట్లో గబగబా నడిపి, ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరని అడిగే నాలుగు ప్రశ్నలు ఎగరగొట్టడమే పొరపాటు. ఇంట్లో చిన్నవాళ్ళు అడగాల్సింది అదే కదా!

రెంటికీ: ద్రాక్షసారా బదులు ద్రాక్షరసం. ఆచారంగా తినే చేదుకు ముల్లంగి జాతి ఘాటు దుంప కాక లెట్యూస్ ఆకు. హరోసెత్, అంటే పండ్లూ గింజలూ కలిపిన తీపి ముద్దలో, గింజలు మెత్తగా నూరాలి, పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. దాచిన పులియని రొట్టె ముక్క, అఫికోమన్, వెతికే ఆట మాత్రం వదలొద్దు.

అయిదేళ్ళలోపు పిల్లలే ఉంటే కుదించినదే మేలు. ఏడెనిమిదేళ్ళవాళ్ళూ, తాతయ్య, నానమ్మలూ ఉంటే పూర్తిది. ఇజ్రాయెల్ బయట సంప్రదాయంగా రెండు రాత్రులు చేస్తారు కాబట్టి, అక్కడ ఒకరోజు పొడుగ్గా, ఒకరోజు పొట్టిగా కానివ్వొచ్చు.