శీతల గిడ్డంగి యంత్రాలన్నీ ఒకే పీఎల్‌సీ కిందికి: ఆటోనగర్‌లో అందిన సేవ

మా రొయ్యల శుద్ధి కర్మాగారంలోని అమ్మోనియా కంప్రెసర్, నీటి శుద్ధి యూనిట్, డీజిల్ జనరేటర్, ఎనర్జీ మీటర్లు వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు తయారీదారుల దగ్గర కొన్నవి. వీటన్నింటినీ ఒకే పీఎల్‌సీకి (యంత్రాలను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్) కలిపే పనిని విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లోని ఒక ప్యానెల్ తయారీ సంస్థకు అప్పగించాము. ప్రతి యూనిట్‌కూ మోడ్‌బస్ (యంత్రాలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) సదుపాయం ఉన్నందున రెండు రోజుల్లో పని పూర్తవుతుందని మేము అనుకున్నాము. అది సాధ్యం కాదని వారు మొదటి రోజే చెప్పారు.

మోడికాన్ సంస్థ 1979లో తెచ్చిన మోడ్‌బస్, సందేశం ఎలా పంపాలో నిర్దేశిస్తుంది గానీ, ఏ రిజిస్టర్‌లో (16 బిట్ల విలువను ఉంచే గడి) ఏ విలువ ఉండాలో, 32 బిట్ల సంఖ్యను రెండు రిజిస్టర్లలో ఏ వరుసలో పెట్టాలో నిర్దేశించదు. అందువల్ల వారు ప్రతి మాన్యువల్‌నూ చదివి, చిరునామా, కొలమానం, గుణకం, ధన రుణ చిహ్నాలతో ఒక పట్టిక తయారు చేశారు. ఆ శ్రమ ఎంత అవసరమో గిడ్డంగి ఉష్ణోగ్రత దగ్గర తెలిసింది. మైనస్ 18.5 డిగ్రీలను మీటర్ పదింతలు చేసి మైనస్ 185గా పంపుతుంది. దాన్ని చిహ్నం లేని సంఖ్యగా చదివితే 65351 అవుతుంది, తెరపై 6535.1 డిగ్రీలు కనిపిస్తుంది. ఒక యూనిట్ ఈవెన్ పారిటీతోనూ (డేటాలో తప్పును పట్టే అదనపు బిట్), మిగిలినవి పారిటీ లేకుండానూ ఉండటాన్ని కూడా వారు తమ వర్క్‌షాపులోనే, ప్యానెల్‌ను మా దగ్గరకు పంపకముందే గుర్తించి సరిచేశారు.

వైరింగ్ విషయంలోనూ శ్రద్ధ కనిపించింది. మోడ్‌బస్ సందేశాలను మోసే ఆర్‌ఎస్-485 కేబుల్‌ను యంత్రం నుంచి యంత్రానికి వరుసగా లాగి, రెండు చివరలా 120 ఓమ్‌ల నిరోధకాలు పెట్టి, కంప్రెసర్ డ్రైవ్ పవర్ కేబుళ్లకు దూరంగా వేరే ట్రేలో నడిపారు.

లోపాలూ ఉన్నాయి. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఫ్యాన్‌తో గాలి పీల్చే క్యాబినెట్ తెచ్చారు. మేము అభ్యంతరం చెప్పిన తరువాతే మూసి ఉండే క్యాబినెట్ అమర్చారు. తుది డ్రాయింగులు చాలా ఆలస్యంగా ఇచ్చారు, అందులోనూ రెండు టెర్మినల్ సంఖ్యలు తప్పు.

రేపు కొత్త యూనిట్ కొంటే దాని సేవలను అదే స్వయంగా వివరించే ఎంటీపీ ఫైలు, ఓపీసీ యూఏ (వేర్వేరు తయారీదారుల యంత్రాలు సమాచారం పంచుకునే ప్రమాణం) ద్వారా అనుసంధానం చేయగలరా అని అడిగితే, ఓపీసీ యూఏ చేస్తామని, ఎంటీపీపై ఇంకా పని చేయలేదని దాపరికం లేకుండా చెప్పారు. ఇక్కడ పని ఇచ్చేవారు రిజిస్టర్ పట్టికను, తుది డ్రాయింగులను కొనుగోలు ఆర్డర్‌లోనే షరతుగా రాయించుకొని, అవి చేతికి అందేదాకా చివరి వాయిదా చెల్లించకుండా ఆపుకోవడం మంచిది. మేము ఆ పని చేయలేదు.